ఆ వాక్యం ఏ పుస్తకంలోది?

సంపాదకులకు,

నమస్కారం. రెండు వారాలుగా మీ పత్రిక సంపాదకీయ పుటలో కమ్యూనిజం భవిష్యత్తు గురించి సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. ఆ సిద్ధాంతానికి కాలం చెల్లిందని ఒక వ్యాసకర్త, ఇంకా చెల్లలేదని మరొక వ్యాసకర్త రాశారు. వారి వాదనల బలాబలాలను తూచడం ఈ లేఖ ఉద్దేశం కాదు. అయితే మరే విషయంలోనూ ఏకీభవించని ఆ ఇద్దరూ ‘మతం మత్తుమందు’ అన్న మాట, మార్క్స్, ఎంగెల్స్ 1848లో వెలువరించిన కమ్యూనిస్టు ప్రణాళికలో (మానిఫెస్టోలో) ఉందని రాశారు. ప్రణాళికలో ఆ మాట ఎక్కడా లేదు. అర్థశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన తరువాత కూడా ఈ పుస్తకాలను చదువుతూ, నలుగురి చేత చదివిస్తూ ఉన్నవాణ్ణి కాబట్టి ఈ లేఖ రాయడం నా బాధ్యత అనుకున్నాను.

ఆ మాట 1844 ఫిబ్రవరిలో పారిస్‌లో వెలువడి, ఒక్క సంచికతోనే ఆగిపోయిన జర్మన్ పత్రికలోది. జర్మన్ తత్వవేత్త హెగెల్ రాజ్యసిద్ధాంతం మీద తాను తలపెట్టిన విమర్శకు మార్క్స్ రాసుకున్న ఉపోద్ఘాతంలో అది వస్తుంది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు. మతంలో కనిపించే వేదన నిజజీవితపు వేదనకు రూపమేననీ, ఆ వేదన మీద నిరసన కూడా అదేననీ, మతం అణగారిన ప్రాణి విడిచే నిట్టూర్పనీ, దయలేని లోకానికి అది గుండెకాయ వంటిదనీ చెప్పిన తరువాతనే ఆయన దాన్ని ప్రజల పాలిట నల్లమందు అన్నాడు. ఆ రోజుల్లో యూరప్‌లో నల్లమందు మందుల దుకాణంలో దొరికేది. నొప్పి తట్టుకోలేనివారు దాన్ని కొనుక్కునేవారు. దీన్నిబట్టి మార్క్స్ మతాన్ని సమర్థించాడని ఎవరూ అనుకోనక్కరలేదు. అదే వ్యాసంలో ఆయన మతాన్ని గట్టిగానే విమర్శించాడు. కానీ నొప్పి గురించిన మాటలన్నీ వదిలేసి మందు పేరు ఒక్కటే పట్టుకుంటే, తిట్టేవారికీ పొగిడేవారికీ మిగిలేది ఆయన రాయని వాక్యమే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ‘కార్మికవర్గ నియంతృత్వం’ అన్న పదబంధాన్ని ప్రణాళికకు అంటగడతారు. అది మార్క్స్ 1850లో ఫ్రాన్సు వర్గపోరాటాల గురించి రాసిన వ్యాసాల్లో, 1852 మార్చిలో రాసిన ఒక లేఖలో, జర్మన్ కార్మిక పార్టీ గోథా మహాసభ కోసం తయారైన కార్యక్రమం మీద 1875లో రాసిన విమర్శలో కనిపిస్తుంది. 1848 ప్రణాళికలో ఉన్నది, కార్మికవర్గం పాలకవర్గంగా ఎదగాలి, ప్రజాస్వామ్య పోరాటంలో గెలవాలి అన్న మాట. ‘కమ్యూనిస్టులు అందరి ఆస్తీ లాక్కుంటారు’ అన్న ఆరోపణ కొత్తదేమీ కాదు. ప్రణాళిక రెండో అధ్యాయంలోనే దానికి నేరుగా జవాబు ఉంది. తాము రద్దు చేయాలంటున్నది ఆస్తిని కాదు, ఒకరి శ్రమను మరొకరు దోచుకోవడానికి వీలిచ్చే బూర్జువా (పెట్టుబడిదారీ) ఆస్తిని మాత్రమేననీ, జనాభాలో పదింట తొమ్మిది వంతుల మందికి ఆ ఆస్తి ఇప్పటికే లేదనీ అక్కడ స్పష్టంగా రాశారు. ఈ వాదనను ఒప్పుకోవచ్చు, ఖండించవచ్చు. ముందు అది అక్కడ ఉందని మాత్రం తెలిసి ఉండాలి.

ప్రణాళిక పుట్టిన తీరు తెలిస్తే దాన్ని వేదంలా పూజించడమూ, నిషిద్ధగ్రంథంలా భయపడడమూ రెండూ తగ్గుతాయని నా అనుభవం. అది ఒక సంస్థ అప్పగించిన పని. కమ్యూనిస్టు లీగు తన రెండో మహాసభను 1847 నవంబరు, డిసెంబరు నెలల్లో లండన్‌లో జరిపి, తన కార్యక్రమాన్ని రాసే పనిని మార్క్స్, ఎంగెల్స్‌లకు ఇచ్చింది. అంతకు ముందే ఎంగెల్స్ 25 ప్రశ్నలు, జవాబులతో ఒక ముసాయిదా తయారుచేశాడు. చర్చిలో పిల్లల చేత వల్లె వేయించే ప్రశ్నోత్తరాల పద్ధతి అది. చరిత్రను కొంత చెప్పాల్సి ఉంది కనుక ఆ పద్ధతి పనికిరాదనీ, దాన్ని వదిలేసి దీనికి ‘కమ్యూనిస్టు ప్రణాళిక’ అని పేరు పెడదామనీ 1847 నవంబరులో మార్క్స్‌కు రాసిన లేఖలో సూచించినవాడు కూడా ఎంగెల్సే. మార్క్స్ బ్రస్సెల్స్‌లో కూర్చుని రాయడంలో ఆలస్యం చేశాడు. ఫిబ్రవరి 1 నాటికి రాతప్రతి లండన్ చేరకపోతే తగిన చర్య తీసుకుంటామని లీగు కేంద్ర కమిటీ జనవరి చివరి వారంలో ఆయనకు హెచ్చరిక పంపింది. ఫిబ్రవరి చివరికి 23 పేజీల చిన్న జర్మన్ పుస్తకంగా అది లండన్‌లో అచ్చయింది. దాని మీద రచయితల పేర్లు కూడా లేవు. ఆ రాతప్రతిలో ఇప్పుడు మిగిలింది ఒక్క కాగితం. ఆ కాగితాన్నీ, మార్క్స్ సొంత దిద్దుబాట్లు ఉన్న ‘పెట్టుబడి’ (దాస్ కాపిటల్) మొదటి సంపుటం ప్రతినీ 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఆ 23 పేజీలకు తరువాత ఏడు ముందుమాటలు చేరాయి. 1872, 1882 నాటివి మార్క్స్, ఎంగెల్స్ కలిసి రాసినవి. 1883 మార్చిలో మార్క్స్ మరణించాక వచ్చిన ఐదింటినీ (1883, 1888, 1890, 1892, 1893) ఎంగెల్స్ ఒక్కడే రాశాడు. బజారులో తేలిగ్గా దొరికే చిన్న తెలుగు ప్రతులు నేను చూసినంతవరకు ఈ ముందుమాటలను వదిలేశాయి. నా దృష్టిలో ఇది చాలా పెద్ద లోటు. 1872 ముందుమాటలో రచయితలిద్దరూ తమ పుస్తకంలో కొన్ని భాగాలకు కాలం చెల్లిందని తామే ఒప్పుకున్నారు. రెండో అధ్యాయం చివర ఉన్న పది చర్యలకు ప్రత్యేక ప్రాముఖ్యం ఇవ్వనక్కరలేదనీ, ఇప్పుడైతే ఆ భాగాన్ని వేరే విధంగా రాసేవారమనీ అన్నారు. 1871లో పారిస్ కార్మికులు నెలకొల్పుకున్న పాలన, పారిస్ కమ్యూన్, 72 రోజులు నిలిచి కూలిపోయిన తరువాత, సిద్ధంగా ఉన్న రాజ్యయంత్రాన్ని కార్మికవర్గం చేతిలోకి తీసుకుని తన అవసరాలకు నడుపుకోవడం కుదరదని నేర్చుకున్నామన్నారు. అయినా ఇది చరిత్రపత్రం అయిపోయింది కనుక మార్చే హక్కు తమకు లేదని మూలాన్ని అలాగే ఉంచారు. ఆ తరువాత 1888 ఆంగ్ల ప్రతిలో ఎంగెల్స్, ‘ఇప్పటివరకు ఉన్న సమాజాల చరిత్ర అంతా వర్గపోరాటాల చరిత్రే’ అన్న సుప్రసిద్ధ వాక్యం కింద, ఇక్కడ చరిత్ర అంటే లిఖిత చరిత్ర అని అర్థం అంటూ అధోజ్ఞాపిక పెట్టాడు. ఆదిమ ఉమ్మడి సమాజాల గురించి 1848లో తమకు తెలియనిది ఈలోగా తెలిసిందని అందులో వివరించాడు. తమ మొదటి అధ్యాయపు తొలి వాక్యాన్నే ఇలా సవరించుకున్న రచయితలను, ఒక్క అక్షరమూ కదపకూడని ప్రవక్తలుగా చూపించే మిత్రులూ, పాతరాతియుగపు మనుషులుగా చూపించే ప్రత్యర్థులూ వారికి సమానంగా అన్యాయం చేస్తున్నారు.

అనువాదం వల్ల జరిగిన నష్టం మరొకటి ఉంది. మన తెలుగు ప్రతులు చాలావరకు ఇంగ్లీషు మీదుగా వచ్చాయి. ప్రణాళిక మొదటి వాక్యాన్ని మనం ‘యూరప్‌ను ఒక భూతం పట్టి పీడిస్తోంది’ అని చదువుకుంటాం. జర్మన్ మూలంలో ఉన్న క్రియకు అర్థం తిరుగాడడం, సంచరించడం. పట్టడమూ పీడించడమూ అందులో లేవు. 1850లో మొదటి ఇంగ్లీషు అనువాదం చేసిన హెలెన్ మాక్‌ఫార్లేన్ కూడా ఆ సంచారాన్ని నిలిపింది, కానీ పిల్లలను జడిపించే బూచి వంటి పదాన్ని వాడింది. భూతం విషయంలో జరిగిన నష్టం కొద్దిపాటిదే అనుకుందాం. మొదటి అధ్యాయంలో పల్లె గురించిన వాక్యం అలాంటిది కాదు. బూర్జువా వర్గం నగరాలను పెంచి, జనంలో పెద్ద భాగాన్ని ‘గ్రామీణ జీవితపు మూఢత్వం’ నుంచి తప్పించిందని మన ప్రతుల్లో ఉంటుంది. ఇది ఇంగ్లీషు ప్రతిలోని ‘ఇడియసీ’ అన్న మాటకు తెలుగు. జర్మన్‌లో ఉన్న ‘ఇడియోటిస్మస్’ అన్న పదం గ్రీకు మూలం నుంచి వచ్చింది. తన ఇంటి పనిలో, తన గిరిలో ఉండిపోయి, ఊరి ఉమ్మడి వ్యవహారాలకు ఎడంగా మిగిలిపోయిన మనిషిని గ్రీకులు అలా పిలిచేవారు. మార్క్స్ గ్రీకు బాగా చదువుకున్నవాడు, ఆయన డాక్టరేటు కూడా గ్రీకు తత్వవేత్తల మీదనే. అందువల్ల ఇక్కడ చెప్పదలచింది పల్లెవాసుల తెలివితక్కువతనం కాదనీ, లోకంతో తెగిపోయిన వారి ఒంటరితనమనీ వాదించే పండితులు చాలామంది ఉన్నారు. నాకు వారి వాదనే సబబుగా తోస్తుంది. రైతుల మధ్య పనిచేసే ఉద్యమాల చేతుల్లో ఇన్ని దశాబ్దాలుగా ఉన్న పుస్తకంలో ఆ మాట ‘మూఢత్వం’గా ఉండిపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

పల్లె విషయంలో మార్క్స్ ఆలోచన ఒకచోట ఆగిపోలేదు. 1853 జూన్‌లో న్యూయార్క్ డెయిలీ ట్రిబ్యూన్‌లో భారతదేశం గురించి రాస్తూ ఆయన, మన గ్రామసమాజాలు పైకి ఎంత అమాయకంగా కనిపించినా ప్రాచ్య నిరంకుశత్వానికి గట్టి పునాదిగా ఉన్నాయని, వాటికి కుల భేదాలు, బానిసత్వం అంటుకుని ఉన్నాయని కఠినంగా అన్నాడు. అదే సంవత్సరం ఆగస్టులో అచ్చయిన మరో వ్యాసంలో, రైలుమార్గాల వెంట వచ్చే ఆధునిక పరిశ్రమ కులానికి ఆధారమైన వంశపారంపర్య శ్రమవిభజనను కరిగించేస్తుందని ఆశించాడు. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది ఆ సంవత్సరం ఏప్రిల్‌లోనే. అప్పటినుంచి 170 ఏళ్ళు దాటాయి, కులం కరగలేదు. ఇక్కడ మార్క్స్ అంచనా తప్పిందని ఆయన అభిమానులు ఒప్పుకోవాలి. అదే ఆగస్టు వ్యాసంలో మరో మాట ఉందని ఆయన విమర్శకులూ ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో పాలకవర్గాన్ని కార్మికవర్గం తొలగించేదాకా, లేదా ఇంగ్లీషువారి కాడిని విసిరికొట్టేంత బలం భారతీయులు తామే సంపాదించుకునేదాకా, ఈ కొత్త సమాజపు ఫలాలు వారికి దక్కవని ఆయన రాశాడు. అది 1857కు నాలుగేళ్ళ ముందు.

ఇక 1881కి వద్దాం. రష్యన్ విప్లవకారిణి వెరా జాసులిచ్ ఫిబ్రవరి 16న జెనీవా నుంచి మార్క్స్‌కు ఒక ఉత్తరం రాసింది. రష్యాలో ఇంకా మిగిలి ఉన్న ఉమ్మడి భూమి గల గ్రామసమాజం నశించి తీరవలసిందేనా, అన్ని దేశాలూ పెట్టుబడిదారీ దశ గుండా పోవలసిందేనా అన్నది ఆమె ప్రశ్న. తమ పక్షానికి ఇది చావుబతుకుల సమస్య అంది. మార్క్స్ ఆ ప్రశ్నకు పలు చిత్తుప్రతులు రాసుకున్నాడు, కొన్ని పేజీలకు పేజీలు సాగాయి, కొట్టివేతలతో, తిరగరాతలతో నిండాయి. చివరికి మార్చి 8న ఆయన పంపిన జవాబు చాలా చిన్నది. ‘పెట్టుబడి’ గ్రంథంలో తాను వివరించిన చారిత్రక అనివార్యత పశ్చిమ యూరప్ దేశాలకే పరిమితమనీ, రష్యాలో గ్రామసమాజం సామాజిక పునరుజ్జీవనానికి ఆధారం కాగలదనీ, అయితే ముందు దాన్ని నలువైపులా ముట్టడిస్తున్న హానికర ప్రభావాలను తొలగించాలనీ అందులో రాశాడు. మరుసటి ఏడాది రష్యన్ ప్రణాళిక ముందుమాటలోకి ఇదే ఆలోచన వచ్చింది. ఆ చిత్తుప్రతులు 1924లో గానీ అచ్చుకాలేదు. అన్ని దేశాలూ ఒకే మెట్లదారిలో ఎక్కాలని మార్క్స్ చెప్పాడంటూ మన కళాశాలల్లో తరతరాలుగా బోధించాం. నేనూ ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో అలాగే బోధించాను. ఈ ఉత్తరం చదివాక ఆ పాఠం చెప్పే తీరు మార్చుకున్నాను.

‘పెట్టుబడి’ గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే ఇది చదవడం సామాన్యుల వల్ల కాదన్న మాటను చదివినవారూ చదవనివారూ కూడా ప్రచారం చేస్తారు. 1867 సెప్టెంబరులో హాంబర్గ్‌లో మొదటి సంపుటం వెయ్యి ప్రతులు వేశారు. 1872లో రష్యన్ అనువాదం వెలువడింది, ఏ భాషలోకైనా అదే మొదటిది. పుస్తకం ఇంత కఠినంగా ఉంది, చదివేవారు కొద్దిమందే, చదివినా అర్థం చేసుకునేవారు ఇంకా తక్కువ అనుకుని జారు చక్రవర్తి సెన్సారు అధికారులు దాన్ని విడిచిపెట్టారు. మొదటి మూడు అధ్యాయాలు కష్టమైన మాట నిజమే. కానీ పనిదినం మీద రాసిన పదో అధ్యాయానికి అంత తయారీ అవసరం లేదు. మార్క్స్ అక్కడ బ్రిటిష్ ప్రభుత్వం వేసిన నివేదికలనూ, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల సాక్ష్యాలనూ, దినపత్రికల వార్తలనూ ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు.

నేను సిరిసిల్లలో ఉంటాను. ఇక్కడ సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల షిఫ్టు అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. మా పేటలో శనివారం సాయంత్రాలు పదిమందిమి కూర్చుని చదువుకుంటాం. మగ్గం పనివారు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు, కుట్టుమిషను మీద బతికేవారు, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు వస్తారు. ఒక శనివారం మేరీ ఆన్ వాక్లీ ప్రస్తావన ఉన్న భాగం చదివాను. 1863 జూన్‌లో లండన్ పత్రికలన్నీ ‘కేవలం అధికశ్రమ వల్ల మరణం’ అన్న శీర్షికతో వేసిన వార్త అది. ఆ అమ్మాయి వయసు ఇరవై. పేరున్న ఒక దుస్తుల దుకాణంలో కుట్టుపని. కొత్తగా వచ్చిన యువరాణి గౌరవార్థం జరిగే విందు నృత్యానికి వెళ్ళే గొప్పింటి స్త్రీల దుస్తులు వేళకు అందాలని, మరో అరవైమంది అమ్మాయిలతో కలిసి ఇరవై ఆరున్నర గంటలు ఆగకుండా కుట్టింది. గదికి ముప్ఫైమంది చొప్పున కూర్చున్నారు. వారికి కావలసిన గాలిలో మూడో వంతు మాత్రమే ఆ గదుల్లో ఉంది. ఆమె శుక్రవారం జబ్బు పడి, ఆదివారం చనిపోయింది. గాలి ఆడని పనిగది, కిక్కిరిసిన పడకగది, అతి దీర్ఘమైన పనిగంటలు ఆమె చావుకు కారణమని వైద్యుడు సాక్ష్యమిచ్చాడు. మరణ విచారణ జరిపిన జ్యూరీ సభ్యులు మాత్రం మెదడు జబ్బుతో చనిపోయిందని, అధికశ్రమ దాన్ని తొందరపెట్టి ఉండవచ్చని రాశారు.

నేను చదవడం ఆపేసరికి, స్కూలు యూనిఫారాలు కుట్టే ఒక చెల్లెలు, “శుక్రారం పడ్డ పిల్ల ఐతారం దాక ఉన్నది గదా సారూ, నడుమ ఒక్కలన్న సూడలేదా?” అని అడిగింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మేము ఇంకో పేజీ ముందుకు పోలేదు. ఎవరి ఇంట్లో ఎవరు ఎన్ని గంటలు పనిచేస్తున్నారో చెప్పుకుంటూ చీకటి పడేదాకా కూర్చున్నాం. పదిహేనో అధ్యాయంలో ఇంగ్లీషు చేనేతవారు దశాబ్దాల పాటు ఆకలితో కనుమరుగైపోయిన తీరు, ఆ వెంటనే భారత నేతగాళ్ళ ఎముకలతో మైదానాలు తెల్లబడుతున్నాయని గవర్నర్ జనరల్ మాటగా చెప్పిన వాక్యం కూడా మేము తరువాతి వారాల్లో చదివాం. మా ఊళ్ళో ఆ పేజీ చదవడం ఎంత కష్టమో నేను వేరే చెప్పను.

మిగతా పుస్తకాల విషయంలోనూ పరిస్థితి ఇంతే. ‘శక్తి కొద్దీ పని, అవసరం కొద్దీ ప్రతిఫలం’ అన్న సూత్రం మార్క్స్ కంటే ముందే ఫ్రెంచి సోషలిస్టు లూయీ బ్లాంక్ వాడినది. గోథా విమర్శలో అది కమ్యూనిజపు ఉన్నత దశకు చెప్పిన మాట, విప్లవం జరిగిన మర్నాటికి కాదు. మార్క్స్ బతికి ఉండగా అచ్చుకాని ఆ విమర్శను 1891లో ఎంగెల్స్ ప్రచురించాడు. లెనిన్ ‘రాజ్యం – విప్లవం’ 1917లో అజ్ఞాతవాసంలో రాసినది. ఏడో అధ్యాయం రాయకుండానే ఆగిపోయింది. విప్లవం గురించి రాయడం కంటే దాని అనుభవంలో ఉండడం మేలని దాని చివరిమాటలో ఆయనే అన్నాడు. తరువాతి దశాబ్దాల్లో ఈ పుస్తకాల పేరు మీద జరిగిన మంచిచెడ్డలన్నింటి మీదా చర్చ జరగాల్సిందే. ఆ చర్చకు అవసరమైన కనీస మర్యాద, ఏది ఎప్పుడు ఎవరు ఎందుకు రాశారో చెప్పడం.

అందుచేత మీకు నా మొదటి విన్నపం ఇది. మీ పుటల్లో ఈ రచనల నుంచి ఎవరు ఉటంకించినా, పుస్తకం పేరు, సంవత్సరం పక్కన వేయించండి. వ్యాసకర్తకు రెండు నిమిషాల పని, పాఠకుడికి వెతుక్కునే దారి దొరుకుతుంది. రెండో విన్నపం తెలుగు ప్రచురణకర్తలకు. ప్రణాళికను ఏడు ముందుమాటలతో, ఎంగెల్స్ అధోజ్ఞాపికలతో, జాసులిచ్ ఉత్తరం, దానికి మార్క్స్ జవాబులతో కలిపి ఒకే సంపుటంగా, జర్మన్ నుంచి నేరుగా, ఇప్పటి తెలుగులో తీసుకురండి. జర్మనీ విశ్వవిద్యాలయాలకు చదువుకోవడానికి వెళ్ళి, అక్కడి భాష నేర్చుకున్న మన పిల్లలు ఈ రోజు చాలామందే ఉన్నారు. మూలాన్ని చదవగలిగినవారి కొరత ఇక లేదు. ‘మూఢత్వం’ అన్న ఆ ఒక్క మాట దగ్గర ఒక అధోజ్ఞాపిక వేసినా ఎంతో మేలు.

మా శనివారం కూటమి దగ్గర ఉన్నది, చాలా ఏళ్ళ కిందట బస్టాండు దగ్గర ఆగిన పుస్తకాల వ్యానులో నేను కొన్న మాస్కో ముద్రణ ఒక్కటే. అట్ట ఊడిపోయింది. 1882 ముందుమాట ఉన్న కాగితం అంచు చినిగి రెండు పంక్తుల చివరి మాటలు పోయాయి. బీడీలు చుట్టే ఆమె కూతురు, ఇంటర్ చదువుతున్న అమ్మాయి, ఆ ముందుమాటను నోటుబుక్కులోకి ఎత్తిరాసి, పోయిన మాటల చోట ఖాళీలు వదిలింది. వచ్చే శనివారం ఆ నోటుబుక్కు నుంచే చదువుతాం.

ఇట్లు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
సిరిసిల్ల